పై అంతస్తులో సన్నధార

నజ్నీన్ ఇంట్లో చేప వండరు. గణపవరంలోని ఆమె పుట్టింటివాళ్ళు ఈ మాటను ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోవడంలో వింతేమీ లేదు. ఆమె పుట్టిన ఇల్లు చేపల చెరువుల మీద బతికిన ఇల్లు. మామగారు మోయిన్ సాహెబు ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ చెరువు గట్ల మీద కాపలా కాసినవాడు. భర్త ఖలీద్ ఐసు నింపిన పెట్టెల్లో చేపలు వేసుకుని కలకత్తా దాకా లారీ తోలుతాడు. నెలలో సగం రోజులు అతని గొంతు ఫోనులోనే వినబడుతుంది. ఇందరినీ చేపే పోషించింది. అయినా ఆ ఇంటి పొయ్యి మీద చేపల పులుసు ఉడికి ఏళ్ళు గడిచాయి.

కారణం మేడ మీద ఉన్న హాస్టలు. ఏలూరు నుంచి వట్లూరు వైపు కాలేజీలు వెలిసిన కొద్దీ, దారి పొడవునా ఇళ్ళ మీద మేడలు లేచాయి. నజ్నీన్ కూడా పైన గదులు వేయించి, ‘శాంతి లేడీస్ హాస్టల్’ అని బోర్డు పెట్టింది. భర్త ఊళ్ళో ఉండనివాడు, మామగారు వయసు మీరినవాడు. సరుకులు, వంట, కరెంటు పోతే ఫోన్లు, పిల్లలకు జ్వరం వస్తే ఆసుపత్రి, అన్నీ ఆమె ఒంటి చేతి మీదే నడిచేవి. ఇంట్లో ఏ లోపం జరిగినా సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆడదేనని ఏ చట్టమూ చెప్పలేదు. చెప్పకుండానే ఆ చట్టం ప్రతి ఇంట్లోనూ అమలవుతుంది.

తాడేపల్లిగూడెం నుంచి హర్షితను చేర్చడానికి వచ్చిననాడు, ఆ పిల్ల తండ్రి భీమశంకరం గదులు చూసి తల ఊపాడు. ఆయనది గూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఆయన తల్లి జ్ఞానప్రసూనాంబగారు మాత్రం వంటిల్లు చూస్తేగాని కదలనన్నారు. చూశారు. గిన్నెలు చూశారు, పొయ్యి చూశారు, నజ్నీన్ ముఖం చూశారు.

“మీరు చేపల వాళ్ళట కదమ్మా?”

“అవునండీ.”

“మేం ఉల్లి అమ్ముతాం, తినం. నేను పుట్టాక నోట పెట్టి ఎరగను. మీరూ అలాగే చేపలు అమ్ముకోండి, గడప లోపలికి తేకండి. ఆ మాటిస్తే మా మనవరాల్ని ఇక్కడే ఉంచుతాను.”

నజ్నీన్ మాటిచ్చింది. హర్షితను చూసి ఆమె స్నేహితురాలు రాజకుమారి ఉండి నుంచి వచ్చింది. ఆ ఇద్దరినీ చూసి మరికొందరు వచ్చారు. హాస్టలు నిండింది. ఒక పిల్లను చూసి నిండిన హాస్టలు ఆ పిల్ల పోతే అలాగే ఖాళీ అవుతుందని నజ్నీన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వానలు వెనకబట్టాక మేడ మీద నీళ్ళు సన్నబడ్డాయి. రోజంతా కాదు, ఉదయం పూటే. పిల్లలు కాలేజీకి తయారయ్యే వేళకు కుళాయిల్లోంచి ధార పురికొసలా దిగేది. బకెట్టు సగం నిండే లోపల బయట తలుపు కొట్టే చప్పుడు మొదలయ్యేది.

“ఎంతసేపే బాబూ! నీళ్ళు పోసుకుంటున్నావా, పూజ చేసుకుంటున్నావా?”

“చుక్కలు లెక్కపెడుతున్నాను, నువ్వూ రా!”

మొదట్లో నవ్వులే. తరువాత తగువులు. ఆ తరువాత ఇళ్ళకు ఫోన్లు.

ప్లంబరు కాలేషా నజ్నీన్‌కు దూరపు వరస అన్న. ఒళ్ళు దాచుకునే మనిషి కాడు, కానీ పనులు ఎక్కువ ఒప్పుకుంటాడు. అన్ని పనులూ ముగించుకుని మిట్టమధ్యాహ్నం స్కూటరు దిగేవాడు. అప్పటికి పిల్లలందరూ కాలేజీలో ఉండేవారు. కాలేషా ఒక కుళాయి తిప్పేవాడు. నీళ్ళు దబదబా పడేవి.

“చూడు చెల్లెమ్మా, ఇంత ధార పెట్టుకుని సన్నగా వస్తోందంటావు!”

“పొద్దున రాదు అన్నా.”

“పొద్దున్నకీ మధ్యాహ్నానికీ పైపు మారుతుందా?”

అలా అంటూనే ఏదో ఒకటి విప్పేవాడు. ఒకసారి కుళాయి మూతుల్లోని జల్లెడలు విప్పి, పేరుకున్న ఇసుక దులిపాడు. ఇంకోసారి ట్యాంకు కింద వాల్వు మార్చాడు. మరోసారి పైపులో గాలి పట్టిందని, పైకి ఒక సన్నని గొట్టం నిలబెట్టాడు. ట్యాంకు మూత తీసి తొంగి చూశాడు కూడా. లోపల నీళ్ళు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. ఎండల్లో హర్షిత బకెట్టులో పురుగు కనబడ్డప్పుడే కడిగించిన ట్యాంకు. అందులో అనుమానించడానికి ఏమీ కనబడలేదు.

వంటమనిషి పాపాయమ్మ ఇదంతా గుమ్మంలో కూర్చుని చూసేది. “నాకేమో ప్రెషరు ఎక్కువంటాడు డాక్టరు, మీ కుళాయికేమో తక్కువంటాడు ఈయన. నా దాంట్లోంచి సగం పట్టుకుపొమ్మనండి అమ్మగారూ, ఇద్దరం బాగుపడతాం.”

నజ్నీన్ నవ్వేది కాదు. కాలేషా చెప్పిన కారణాన్నే ఫోనులో తల్లిదండ్రులకు అప్పజెప్పేది. జల్లెడ అన్న వారం జల్లెడ అంది. వాల్వు అన్న వారం వాల్వు అంది. ఆమె చెప్పినవి అబద్ధాలు కావు. చెప్పిన క్షణంలో ప్రతిదాన్నీ తానూ నమ్మింది. అయినా వారం తిరిగేసరికి అవన్నీ అబద్ధాలుగా మారి ఆమె నోటి మీదే నిలబడ్డాయి.

చివరికి భీమశంకరం ఫోను చేశాడు. ఆయన కేకలు వేసే మనిషి కాడు, అదే ఇంకా కష్టంగా ఉండేది.

“ఏవండీ, వారానికో జబ్బు చెబుతున్నారు. నీళ్ళు తక్కువైతే సర్దుకుంటుంది మా అమ్మాయి. అసలు సంగతేమిటో మీకే తెలియదంటే మాకు భయంగా ఉంది. ఆదివారం అమ్మని తీసుకుని వస్తున్నాను. అప్పటికి బాగుపడితే సరే. లేదంటే పిల్లని తీసుకెళ్ళిపోతాం, ఏమీ అనుకోకండి.”

నజ్నీన్ ఏమీ అనుకోలేదు. ఏదైనా అనుకోవడానికి కూడా ఓపిక కావాలి. గదులు వేయించిన నాటి నుంచి తాను నిద్ర లేచింది, మాట పడింది, నోరు కట్టుకుంది అంతా ఒక పిల్ల ఉండడం మీద, పోవడం మీద నిలబడి ఉందని మాత్రం మరోసారి తెలిసింది. మామగారి కంట్లో మందు వేసి పడుకుంది.

మోయిన్ సాహెబుకు ఈ మధ్యనే శుక్లాల ఆపరేషన్ అయింది. వంగకూడదు, బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు అన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. మనుషుల ముఖాలు మసకగా కనబడుతున్నందువల్లనో ఏమో, ఆయన మాటలు కూడా తగ్గించాడు.

ఆదివారం ఉదయం నజ్నీన్ కాలేషాకు తానే ఫోను చేసింది. “మధ్యాహ్నం వచ్చి చూస్తే జబ్బు కనబడదు అన్నా. పిల్లలు తలంట్లు పోసుకునే వేళకి రా. ఇప్పుడే. ఇంకెవరి పనైనా వదిలెయ్యి.”

ఆ గొంతు విని అతను మారుమాట్లాడలేదు. వచ్చి నేరుగా డాబా ఎక్కి ట్యాంకు మూత తీశాడు. నజ్నీన్ మెట్ల మీద నిలబడి పిల్లలకు చెప్పింది: ఒకేసారి అన్ని కుళాయిలూ తిప్పండి, చెప్పేదాకా కట్టకండి.

తిప్పారు. కాసేపు బాగానే పడి, ధార సన్నబడింది.

“ఇప్పుడు కట్టెయ్యండి!” పైనుంచి కాలేషా అరిచాడు. “మళ్ళీ తిప్పండి! చెల్లెమ్మా, ఒకసారి పైకి రా. లోపల ఏదో ఉంది. నీళ్ళు లాగుతుంటే అడుక్కి పోయి కరుచుకుంటోంది, ఆపితే వదిలేసి లేస్తోంది.”

మెర్సీ అనే పిల్ల కింది నుంచి, “పామా అంకుల్?” అంది. అంతే, స్నానాల గదుల్లోంచి కేకలు బయలుదేరాయి.

కాలేషా ఇనుప చువ్వ వంచి కొక్కెం చేసి, ట్యాంకులో కలియబెట్టి, ఆ వస్తువును పైకి లాగాడు. అది పాము కాదు. మూరెడు పొడవు సంచి. పాచి పట్టి, బురద నిండి, తడిసిన పిల్లిలా వేలాడుతోంది. నజ్నీన్ దాన్ని అందుకుని నీళ్ళు పిండింది. పాచి కింద నీలం రంగు బయటపడింది, సన్నని కంతలు బయటపడ్డాయి. సంచి మూతికి నైలాను తాడు, ఆ తాడుకు ముడి. చెరువు గట్ల మీద పుట్టి పెరిగిన మనిషి ఆ ముడిని ఎవరు వేస్తారో, ఎందుకు వేస్తారో అడగనక్కర్లేదు. చెరువులోకి కొత్త నీరు తోడేటప్పుడు, కాలువలోని పిచ్చి చేపలు జొరబడకుండా గొట్టం మూతికి ఇటువంటి వల సంచే కడతారు.

ఆమె దాన్ని పట్టుకుని కిందికి దిగింది. నీళ్ళు చేతి మీదుగా కారి చీర తడిసింది.

“మావయ్యా, ఇది మీరు కట్టిందేనా?”

మోయిన్ సాహెబు చేతిలోకి తీసుకున్నాడు. చూడలేదు, తడిమాడు. “నాదే. ఇది పైన గొట్టానికి ఉండాలి గదా, నీ చేతికెలా వచ్చింది?”

“ఎందుకు కట్టారు?”

“ఎండల్లో ఆ ఉల్లిపాయల వారి పిల్ల బకెట్టులో ఎర్ర పురుగుని చూసి ఏడ్చింది గుర్తుందా? చెరువులోకి పిచ్చి చేప రాకుండా కడతాం. ఇంట్లోకి పురుగు రాకుండా కట్టాను. మోటారు నీళ్ళు పడే గొట్టానికి. రోజూ తెల్లారి నమాజు నుంచి వచ్చాక ఎక్కి దులిపేవాణ్ణి.”

“మిమ్మల్ని డాబా ఎక్కొద్దని చెప్పానా లేదా?”

“చెప్పావు. అందుకే నీకు చెప్పలేదు.”

నజ్నీన్ గుమ్మం మీద కూర్చుండిపోయింది. కంటి ఆపరేషన్ తరువాత సంచిని దులిపేవారు లేరు. బురద నిండి బరువెక్కింది, గొట్టం నుంచి జారి ట్యాంకు అడుగుకు చేరింది. కింద కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పినప్పుడల్లా, నీటి లాగుడుకు కొట్టుకుపోయి బయటికి పోయే గొట్టం మూతిని కప్పేసింది. మధ్యాహ్నం ఒక్క కుళాయి తిప్పితే ఆ లాగుడు లేదు.

“నీళ్ళు రావట్లేదని ఇంతమంది మొత్తుకుంటుంటే మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా మావయ్యా?”

“లోపలికొచ్చే గొట్టానికి గదమ్మా కట్టాను. బయటికి పోయే దాంతో దానికేం పని అనుకున్నాను. చెరువులో జారిపడితే అడుగున పడి ఉంటుంది, ఎక్కడికీ పోదు.” చెరువుకు అడుగున కుళాయి ఉండదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. అక్కడితో ఆగాడు.

నజ్నీన్ సంచి వైపు చూస్తూ అడిగింది. “కొత్త వలేనా?”

ఆ ప్రశ్నలో ఆమె ఆశ అంతా ఉంది. ఆయనకు అది వినబడలేదు.

“కొత్తది బిర్రుగా ఉంటుందమ్మా, నీళ్ళు వదలదు. నాలుగు పట్టులు చేపలు పట్టిందైతేనే మెత్తగా...” మాట మధ్యలోనే ఆయన ముఖం మారింది. “తప్పు చేశానా?”

నజ్నీన్ సంచిని ఆయన చేతిలోంచి తీసుకుని, డాబా దిగి వచ్చిన కాలేషాకు అందించింది.

కాలేషా సంచిని పాత సిమెంటు బస్తాలో కుక్కేశాడు. “నేను పట్టుకుపోతాను. ఆ షావుకారుగారు అడిగితే వల అనకు. గుడ్డ అడ్డం పడిందను. ఊళ్ళో కుళాయికి గుడ్డ కట్టనివాళ్ళెవరు? మన చెరువుల దగ్గర దీన్ని వల గుడ్డ అనే కదా అంటారు. అబద్ధం కూడా కాదు.”

నిజమే, అబద్ధం కాదు. అందుకే ఆ మాట అంత ప్రమాదకరమైంది. అబద్ధమాడితే మనిషికి తాను ఆడుతున్నట్టు తెలుస్తుంది. సగం నిజానికి ఆ మాత్రం వెరపు కూడా ఉండదు.

భీమశంకరం కారు వచ్చేసరికి ట్యాంకు సగం ఖాళీ చేసి, మళ్ళీ నింపారు. ఆయన తిన్నగా మేడ మీదికి పోయి, ఒక్కొక్క స్నానాల గదిలోకీ వెళ్ళి కుళాయిలు తిప్పాడు. హర్షిత, “చూశారా నాన్నగారూ, షవరు కూడా వస్తోంది!” అంటూ వెంట తిరిగింది. దిగి వచ్చేసరికి ఆయన ముఖం తేటపడింది. జ్ఞానప్రసూనాంబగారు వరండాలో మోయిన్ సాహెబుకు ఎదురుగా కూర్చుని, కంటి ఆపరేషన్ గురించి అడుగుతున్నారు. ఆవిడకూ కిందటేడు అయిందట. ఇద్దరూ చుక్కల మందుల పేర్లు చెప్పుకుంటున్నారు.

“ఇంతకీ ఏమిటండీ జబ్బు?” భీమశంకరం చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

“ట్యాంకులో గుడ్డ అడ్డం పడిందండీ,” అంది నజ్నీన్.

“ఓస్, ఇంతేనా! దీనికేనా మేం గూడెం నుంచి పరిగెత్తుకొచ్చింది? సరే అమ్మా, బయలుదేరదామా?”

ఆయన లేచాడు. అంతటితో అయిపోయింది. హాస్టలు నిలబడింది. జ్ఞానప్రసూనాంబగారు చేతికర్ర అందుకుంటూ, అడగాలని కాదు, ఊరికే అన్నారు.

“ట్యాంకులోకి గుడ్డ ఎలా వచ్చిందమ్మా? ఏం గుడ్డ?”

కాలేషా ఆకాశం వంక చూశాడు. మోయిన్ సాహెబు నల్లద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. నజ్నీన్‌కు ఒక్కసారిగా చాలా అలసట కలిగింది. ఈ గుడ్డను కూడా రేపటి నుంచి మోయాలి. ఎవరు అడిగినా ఇదే చెప్పాలి, మామగారికి నేర్పాలి, పాపాయమ్మకు నేర్పాలి.

“గుడ్డ కాదండీ. వల. చేపల చెరువులో వాడిన వల. నీళ్ళలో పురుగు రాకూడదని మా మావయ్య కట్టారు. నాకు ఇవాళే తెలిసింది.”

“కట్టింది నేనేనండీ,” మోయిన్ సాహెబు లేవబోయాడు. “పిల్ల ఏడ్చిందని. ఆమెకేమీ తెలియదు.”

జ్ఞానప్రసూనాంబగారు ఆయనను కూర్చోమన్నట్టు చెయ్యి చూపారు. “ఎన్నాళ్ళైంది?”

“ఎండాకాలం నుంచండీ.”

భీమశంకరం గొంతు తగ్గించి, “తాగేది క్యాను నీళ్ళే గదమ్మా,” అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

“నేను అడక్కపోతే చెప్పేదానివా?”

“చెప్పేదాన్ని కాదేమోనండీ.”

“మరి అడగ్గానే ఎందుకు చెప్పావు? గుడ్డ అంటే నేను నమ్మేశాను కదా.”

“వారానికో కారణం చెప్పి చెప్పి అలిసిపోయానండీ.”

పెద్దావిడ ఆ మాటను చాలాసేపు తూచినట్టు చూశారు. “ఉల్లి తూచిన చేతులతోనే నేను దేవుడికి దీపం పెడతానమ్మా. కడుక్కుని పెడతాను. కడుక్కునే నీళ్ళలోనే అది ఉంటే ఇంక దేంతో కడుక్కోను? నీ తప్పు అనను, మీ మామగారి తప్పూ అనను. పిల్ల కోసం చేశారు. కానీ పిల్లని ఉంచలేను. హర్షితా, సామాను సర్దుకో.”

“నాయనమ్మా, పరీక్షలు! రోజూ గూడెం నుంచి రైల్లో రావాలా? రాజకుమారి కూడా ఇక్కడే...”

“రైల్లోనే రా. మీ తాతగారు జీవితమంతా రైల్లోనే తిరిగారు.”

హర్షిత ఏడుస్తూ పరుపు చుట్టింది. వెళ్ళేటప్పుడు నజ్నీన్ దగ్గర ఆగి, “అలా చెప్పకుండా ఉండాల్సింది ఆంటీ,” అంది. కోపంగానే అంది. భీమశంకరం మాత్రం కారెక్కే ముందు వెనక్కి వచ్చి చేతులు జోడించాడు. అలాగే వెళ్ళిపోయాడు.

కాలేషా పనిముట్లు సర్దుకుంటూ అన్నాడు. “ఇందాక నోరు మూసుకుని ఉంటే పోయేది కదా చెల్లెమ్మా. ఇప్పుడు చూడు, సాయంత్రానికి అందరూ పోతారు.”

“పోతే పోతారు. వాళ్ళకి వేరేవాళ్ళు చెప్పేలోపల నేనే చెబుతాను.”

వరండాలో మామగారి పక్కనే చాప వేసుకుని కూర్చుని, పిల్లల ఇళ్ళకు ఒక్కొక్కరికీ ఫోను చేసింది. దాచకుండా, తగ్గించకుండా చెప్పింది. మోయిన్ సాహెబు తల దించుకుని వింటున్నాడు. తన నేరం అన్నిసార్లు చదివి వినిపిస్తుంటే వినడమే ఆయనకు శిక్ష. అంత శిక్ష అక్కర్లేదని నజ్నీన్‌కు తెలుసు. లోపలికి వెళ్ళి మాట్లాడి ఉండవచ్చు. కానీ లేచే ఓపిక లేకపోయింది.

కొల్లేటి లంక గ్రామంలో ఉండే మెర్సీ తండ్రి వరదానం పూర్తిగా విని పెద్దగా నవ్వాడు. “అదేంటమ్మా, మా ఇంట్లో బిందెకి అదే కడతాం! దానికి ఇంత క్షమాపణ దేనికి?”

ఉండిలో రాజకుమారి తల్లి నవ్వలేదు. “హర్షిత వెళ్ళిపోయిందాండీ? పాపం. మా అమ్మాయి బెంగపెట్టుకుంటుంది. అయితే ఆ సంచి తీసేశారు కదా. మరి ఇప్పుడు పురుగులు రాకుండా ఏం కడతారు?”

“ట్యాంకు తరచుగా కడిగిస్తానండీ.”

“ఎవరు కడుగుతారండీ? ఎవరో ఒకళ్ళు చూసుకోకపోతే మళ్ళీ అదే అవుతుంది.”

“నేనే చూసుకుంటానండీ.”

ఆ మాట నోటి నుంచి వచ్చాకగానీ, తన రోజుకు ఇంకొక పని కలిసిందని ఆమెకు తట్టలేదు. మిగతావాళ్ళు ఒకరిద్దరు విసుక్కున్నారు, ఒకరు ఆలోచించుకుని చెబుతామన్నారు. పిల్లను తీసుకుపోతామని మాత్రం ఎవరూ అనలేదు. పోతారని తానంతగా భయపడినవాళ్ళు నిలబడ్డారు. ఎవరి కోసం ఆ భయమంతా పడిందో ఆ పిల్ల వెళ్ళిపోయింది. సంతోషించాలో ఏడవాలో తేలలేదు. రెండూ రేపు చూసుకోవచ్చనిపించింది.

“అందరూ ఉంటారా?” అడిగాడు మోయిన్ సాహెబు.

“ఉంటారు మావయ్యా. మీరు మాత్రం డాబా ఎక్కకండి.”

“ఎక్కను. కడిగేటప్పుడు నాకు చెప్పు. కింద నిలబడి చెబుతాను, ఎలా కడగాలో.”

పైన ఎవరో కుళాయి కట్టడం మరిచిపోయినట్టున్నారు. బకెట్టు పొంగి నీళ్ళు నేల మీద పడుతున్న చప్పుడు కిందికి వినబడుతోంది. కట్టమని కేకేయాలని నోరు తెరిచింది. అంతలో పాపాయమ్మ వంటింట్లోంచి చాటతో వచ్చింది.

“అమ్మగారూ, అన్నానికి వేళ మించిపోయింది. బియ్యం ఎందరికి పొయ్యమంటారు?”

“అందరికీ పొయ్యి,” అంది నజ్నీన్. తరువాత కాస్త ఆగి, “హర్షితకి తప్ప,” అంది.